చేతులు దించమని అనకండి
(ఏప్రిల్ 2, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు నెల్లూరులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, టీచర్లకు నమస్కారం. ఐక్యరాజ్యసమితి ఈ రోజును 2007లో ప్రకటించింది. ఏటా ఈ రోజున స్టేజీ కడతాం, సౌండు బాక్సులు పెడతాం, బిడ్డల చేత స్టెప్పులు వేయిస్తాం. బిడ్డ చెవులు మూసుకుంటే సిగ్గంటాం. సిగ్గు కాదు తల్లీ, ఆ మోత భరించలేక!

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు రెక్క విప్పగానే బిడ్డ వేళ్లు అల్లాడతాయి, మునివేళ్ల మీద ఎగురుతుంది. అది సంతోషం. పక్కనుంచి మనం "చేతులు దించు" అంటాం. ఎందుకు దించాలి? తల బాదుకుంటుంటే, చెయ్యి కొరుక్కుంటుంటే అది వేరే సంగతి. ఎండో, ఆకలో, నొప్పో వెతకాలి. సంతోషంతో ఎగిరే బిడ్డను మాత్రం ఎగరనివ్వండి.

బొమ్మ కూడా ఆ కదలికలోంచే రానివ్వండి. మైపాడు తీరంలో, ఎండెక్కక ముందే, అల వెనక్కి పోయిన గట్టి తడి ఇసుక చూసుకోండి. పొడి ఇసుకలో గీత నిలవదు. గిరగిరా తిరిగే బిడ్డకు నడుమెత్తు కర్ర, మొన అరగదీసింది, చేతికిచ్చి దూరంగా జరగండి. తిరిగేకొద్దీ ఇసుకలో సుడి పడుతుంది. కొందరు ఆగి, వంగి, ఆ గీత అంచును వేలితో తడుముతారు, మళ్లీ తిరుగుతారు. "చేప గియ్యి, పడవ గియ్యి" అనొద్దు.

ఎగిరే బిడ్డకు పాత పంచె పరవండి. మూలల్లో రాళ్లు పెట్టకపోతే గాలికి లేచి ముఖాన కొడుతుంది, ఇక ఆ రోజుకు బిడ్డ దగ్గరికి రాదు. 50 గ్రాముల తుమ్మబంక గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, జాజు (ఎర్రమట్టి రంగు) కలపండి. ఆ రంగులో కాళ్లు ముంచి బిడ్డ పంచె మీద ఎగిరితే ఆ అడుగులే బొమ్మ. బంక తక్కువైతే ఆరాక రంగు రాలుతుంది, ఎక్కువైతే పగులుతుంది. జిగట గిట్టని కాళ్లను బలవంతంగా ముంచొద్దు. స్పాంజి కట్టిన కర్ర చాలు. కాళ్లు కడిగే బకెట్, తువ్వాలు కళ్లెదుటే ఉండాలి.

అమ్మా, అయ్యా, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఈ బిడ్డల్లో చాలామందికి నీళ్లంటే ప్రాణం. పిలిచినా వెనక్కి తిరగకపోవచ్చు. ఒక్కో బిడ్డకు ఒక్కో మనిషి, ఫోన్ పక్కనబెట్టి, బిడ్డకూ సముద్రానికీ మధ్యన నిలబడాలి. ఈ రోజున నీలం టీషర్టులు పంచుతాం కదా, నీళ్లలో నీలం కనబడదు! తీరానికి కొట్టొచ్చినట్టు కనబడే నారింజ చొక్కా తొడగండి.

పంచె ఆరాక దానికి పెద్దలు కళ్లూ ముక్కూ దిద్దొద్దు. తేదీ వేయండి, బిడ్డ ఒప్పుకుంటేనే గోడకు తగిలించండి.