సిలువను ఎత్తుకోవడం అంటే

[తెరపై: కొత్తపట్నం దగ్గర బకింగ్‌హామ్ కాలువ గట్టు, సాయంత్రం]

అందరికీ వందనాలు. యేసు శ్రమలను ధ్యానించే శ్రమకాలం మొదలైంది కాబట్టి ఎన్నాళ్లుగానో నన్ను కలచివేస్తున్న విషయం చెప్పేస్తాను. మోకాళ్లు నొప్పి పుడితే "అది నా సిలువ" అంటాం. అప్పు తీరకపోయినా సిలువే. మొన్న ఒక కూడికలో, భర్త తాగి వచ్చి కొడుతున్నాడని కన్నీళ్లు పెట్టుకున్న చెల్లెమ్మతో "ఓర్చుకోమ్మా, అది నీ సిలువ" అన్నారు. ఆమె తల వంచుకుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లూకా సువార్త 9వ అధ్యాయం, 23వ వచనం తెరవండి. తనను వెంబడించేవాడు తన సిలువను "ఎత్తికొని" రావాలని యేసు అన్నాడు. నెత్తిన పడడం వేరు, ఎత్తుకోవడం వేరు. ఆ తేడా చూపించాలనే ఈ గట్టు మీదికి వచ్చాను.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఈ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, తిండి లేని జనానికి కూలి చూపించారు. మట్టి మోసినవాళ్లకు తెలుసు: తట్ట ఎత్తుకోవాలంటే వంగాలి, చుట్టకుదురు సర్దుకోవాలి, అవతలి అంచు పట్టుకుని ఎవరో ఒక చేయి వేయాలి. ఆ కూలితో ఇంట్లో ఎవరి కడుపు నిండుతుందో మోసేవాడికి తెలుసు. అదే మట్టి గట్టు విరిగి మీద పడితే? అది ప్రమాదం.

రోమీయులు సిలువను ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసేవారు. మనం గొలుసుకు వేసుకునే గుర్తు ఆనాడు పరమ అవమానం. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని యేసు ముందే చెప్పాడు. మన పాపాల తట్ట దగ్గర ఆయనే వంగాడు.

ఆ చెల్లెమ్మ మీద పడుతున్నది విరిగిన గట్టు. గట్టు కింద మనిషి ఉంటే ఓర్చుకోమని చెప్పం, పరుగెత్తి మట్టి తీస్తాం. ఆమెకు తోడుగా పోలీసు స్టేషనుకు వెళ్లడం, ఆ తర్వాత ఆ ఇంటివాళ్ల తిట్లు పడడం, అదీ మనం ఎత్తుకోవలసిన సిలువ.

కూటి కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ దొర కరువు పనుల కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో, ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఎక్కువమంది మాదిగలు. జాతరకు డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అన్న విశ్వాసులను ఊళ్లు ఎంత వేధించాయో వాళ్లు చూసినవాళ్లే. అయినా వంగి ఎత్తుకున్నారు.

సమయం అయిపోతోంది, ఒక్క ప్రశ్న. "యేసు సిలువను కురేనీయుడైన సీమోను చేత బలవంతంగా మోయించారు కదా?" అవును, మోయించారు. బరువు యేసుది, అవతలి అంచున పడిన చేయి సీమోనుది. మార్కు తన సువార్తలో అతని కొడుకుల పేర్లు కూడా రాశాడు, అలెక్సంద్రు, రూఫు. ఆనాడు ఆ పేర్లు చదివినవాళ్లకు వాళ్లు తెలిసే ఉంటారని నా నమ్మకం.

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి వీడియో మట్టల ఆదివారం పెడతాను. వందనాలు.