ఎనిమిది మంది, ఒక వ్యాన్, బాన్స్కో: తక్కువ ఖర్చులో యూరప్ స్కీ ట్రిప్

తెరపై: డ్రోన్ షాట్. బాన్స్కో ఊరి పెంకుటిళ్ల కప్పులు, వెనక మంచు కప్పుకున్న పిరిన్ కొండలు.

స్కీయింగ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది స్విట్జర్లాండ్. జేబు ముందు ఖాళీ అయ్యేదీ అక్కడే. యూరప్‌లో తక్కువ ఖర్చుతో, అందులోనూ గుంపుగా, మొదటిసారి స్కీ చేయాలంటే మేము చెప్పే ఊరు బల్గేరియాలోని బాన్స్కో. ఊరు దాదాపు 950 మీటర్ల ఎత్తులో ఉంటుంది, స్కీ వాలులు పైన 2,600 మీటర్ల దాకా వెళ్తాయి. ఊళ్లో వాన పడుతున్నా పైన మంచు ఉండొచ్చు, కాబట్టి హోటల్ కిటికీలోంచి చూసి దిగులు పడకండి.

ఈ వీడియో లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట్ల ఉంటున్నవాళ్ల కోసం. హైదరాబాద్ నుంచి స్కీ కోసమే బయల్దేరితే విమానం టికెట్టే లెక్క తలకిందులు చేస్తుంది. వాళ్లకి మన దేశంలోనే ఉన్న గుల్‌మార్గ్, ఔలీ నయం.

తెరపై: తొమ్మిది సీట్ల వ్యాన్. డ్రైవర్ పక్కన, వెనక మొత్తం ఎనిమిది సీట్లు వెలుగుతాయి.

గుంపు ఎంతమంది అన్నదే మొదటి ప్రశ్న. మా జవాబు ఎనిమిది. ఎయిర్‌పోర్ట్ వ్యాన్‌లో డ్రైవర్ కాక పట్టేది ఎనిమిది మందే. తొమ్మిదో మనిషి వస్తే రెండో బండి కావాలి. రెండు బాత్రూములున్న పెద్ద అపార్ట్‌మెంట్‌లో కూడా ఎనిమిది మంది సర్దుకోవచ్చు. అంతకు మించితే పొద్దున్నే బాత్రూమ్ క్యూ, ఆ తర్వాత కొండెక్కించే స్కీ లిఫ్ట్ దగ్గర క్యూ.

ఖర్చుని రెండుగా విడగొట్టండి. వ్యాన్, ఇల్లు: ఎంతమంది వచ్చినా మొత్తం అంతే. విమానం, లిఫ్ట్ పాస్, స్కీ అద్దె, క్లాసు: ఎవరివి వాళ్లవి. గొడవలన్నీ మొదటి రకంలోనే వస్తాయి. ఉదాహరణకి వ్యాన్ రానుపోను 240 యూరోలు అనుకుందాం. ఎనిమిది మందికైతే తలా 30. ముగ్గురు చివర్లో మానేస్తే మిగిలిన ఐదుగురికి తలా 48. అందుకే ఇల్లు బుక్ చేసే ముందే వ్యాన్, ఇంటి వాటా డబ్బు చేతికి తీసుకోండి. "మానేస్తే ఈ వాటా తిరిగి రాదు, బదులు మనిషిని తెస్తే వస్తుంది" అని వాట్సాప్ గ్రూపులో రాసి, అందరిచేతా ఓకే అనిపించండి. మొహమాటపడితే ఆ డబ్బు కట్టేది బుక్ చేసినవాళ్లే.

తెరపై: క్యాలెండర్. జనవరి రెండు, మూడు వారాలు, మార్చి రెండో వారం పచ్చ రంగులో.

తేదీలు. క్రిస్మస్, న్యూ ఇయర్, బ్రిటన్ స్కూళ్ల ఫిబ్రవరి సెలవుల వారం: ఈ మూడింటినీ వదిలేయండి. మార్చి 3 బల్గేరియా జాతీయ సెలవు, రాజధాని సోఫియా జనం కొండెక్కుతారు, దాన్నీ తప్పించండి. శనాదివారాలు ఎప్పుడూ రద్దీయే. ఆదివారం దిగి శుక్రవారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, క్యూ కూడా తగ్గుతుంది. మంచు నమ్మకంగా కావాలంటే జనవరి, ఎండ కావాలంటే మార్చి. మార్చిలో మధ్యాహ్నానికి కింది వాలుల మీద మంచు జావలా అయిపోతుంది, కొత్తవాళ్లకి అందులో మలుపు తిప్పడం కష్టం. మాకైతే జనవరే.

వీసా. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్‌తో పాటు ఆ కార్డు కూడా పట్టుకెళ్లండి. బ్రిటన్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఉన్నవాళ్లకి మాత్రం షెంగెన్ వీసా కావాలి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, దానిపైన వీసా సెంటర్ సర్వీసు ఛార్జీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆ 15 రోజుల మాట కాగితం మీదిది. అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యం కావొచ్చు, జనవరి ట్రిప్‌కి అక్టోబర్‌లోనే కూర్చోండి. గుంపులో ఎవరికి వీసా అవసరమో లెక్క తీసి, వాళ్ల పని అయ్యేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనకండి.

2026 జనవరి 1 నుంచి అక్కడ నడిచేది యూరో. పాత వెబ్ పేజీల్లో లెవా (అక్కడి పాత కరెన్సీ) ధరలు కనిపిస్తే 1.95583తో భాగించండి. ఆ ధర ఇంకా అలాగే ఉందని మాత్రం అనుకోకండి.

తెరపై: మ్యాప్. సోఫియా నుంచి బాన్స్కోకి గీత, దాని మీద "దాదాపు 160 కి.మీ."

సోఫియా ఎయిర్‌పోర్ట్ నుంచి వ్యాన్‌లో రెండు, రెండున్నర గంటలు. విమానాలు వేర్వేరు ఊళ్ల నుంచి వస్తుంటే, దిగే సమయాలు రెండు గంటల తేడాలో ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒక్క వ్యాన్ సరిపోదు. ఒకరిద్దరే ఉంటే సోఫియా బస్టాండ్ నుంచి బస్సు చవక. సెప్టెంవ్రి అనే ఊరి నుంచి బాన్స్కో మీదుగా పోయే చిన్న గేజ్ రైలు ఉంది, 760 మిల్లీమీటర్ల పట్టాలు, దాదాపు ఐదు గంటల ప్రయాణం. చూడ్డానికి బ్రహ్మాండం, సామాన్లతో మాత్రం వద్దు. కారు అద్దెకి తీసుకుంటే ఆన్‌లైన్ వినెట్ (రోడ్డు టోల్ పర్మిట్), చలికాలం టైర్లు ఉన్నాయో లేదో ముందే అడగండి.

తెరపై: పొద్దున గొండోలా (కేబుల్ కారు) స్టేషన్ ముందు పాములా మెలికలు తిరిగిన క్యూ.

ఇక బాన్స్కో అసలు ఇబ్బంది. ఊళ్లోంచి స్కీ కొండకి గొండోలాయే ప్రధాన దారి. అది అందర్నీ సుమారు 1,600 మీటర్ల ఎత్తులోని బండెరిష్కా పోల్యానాకి చేరుస్తుంది, కొత్తవాళ్లు నేర్చుకునే మెత్తటి వాలులూ అక్కడే ఉన్నాయి. అంటే మొదటి రోజు అడుగు వేయడానికి కూడా పైకి వెళ్లాల్సిందే. తొమ్మిదికి క్యూలోకి వస్తే పదిన్నరకి పైన ఉంటారు, పదింటికి మొదలయ్యే క్లాసు డబ్బు గోవిందా.

దీనికి మూడు మార్గాలు. గొండోలాకి నడిచి పది నిమిషాల్లోపు ఇల్లు తీసుకోవడం. తెరిచే ముందే, ఎనిమిదికల్లా క్యూలో ఉండటం. లేదా ఎనిమిది మందీ కలిసి రోడ్డు మీదుగా పైకి వెళ్లే వ్యాన్ మాట్లాడుకోవడం. చవగ్గా ఉందని రెండు కిలోమీటర్ల అవతల ఇల్లు తీసుకుంటే, మిగిల్చినది రోజూ టాక్సీకి పోతుంది.

సాయంత్రం దిగేటప్పుడు ఇంకో చిక్కు. పైనుంచి ఊళ్లోకి స్కీ మీదే దిగే పొడవాటి దారి ఒకటి ఉంది. మ్యాప్‌లో తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ సాయంత్రం నాలుగుకి అది ఇరుగ్గా, గడ్డకట్టి, అలసిన కాళ్లతో నిండి ఉంటుంది. మొదటి మూడు రోజులు కొత్తవాళ్లు గొండోలాలోనే దిగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

లిఫ్ట్ పాస్, అద్దె, క్లాసు కలిపిన ప్యాకేజీ కొత్తవాళ్లకి విడివిడిగా కొనేదానికన్నా సాధారణంగా తక్కువకి వస్తుంది. ఆరు రోజులకి మాత్రం ముందే కట్టకండి. మూడో రోజుకి గుంపులో ఇద్దరి మోకాళ్లు మొరాయిస్తాయి. మూడు రోజుల క్లాసు, నాలుగు రోజుల పాస్ చాలు. క్లాసులో స్నేహాన్ని బట్టి కాకుండా స్థాయిని బట్టి విడిపోండి. నలుగురు ఒకే స్థాయి వాళ్లుంటే ప్రైవేట్ ఇన్‌స్ట్రక్టర్ రేటుని నాలుగుతో భాగించి, స్కూల్ గ్రూపు క్లాసుతో పోల్చి చూడండి. ఇక మొగుడు పెళ్లానికి స్కీ నేర్పిస్తానంటే, ఆ పక్కన ఉండకపోవడం మంచిది.

తెరపై: స్కీ బూటు దగ్గరగా, లోపలి మెత్తటి తొడుగు బయటికి తీసి.

ఇక్కడ నిదానంగా వినండి. మొదటి రోజు ఏడిపించేది చలి కాదు, బూటు. సైజు అంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. మడమ గోడకి ఆనించి, బొటనవేలి దాకా కొలిచి రాసుకెళ్లండి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు కొద్దిగా తగలాలి. మోకాళ్లు ముందుకి వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మనవాళ్లు చేసే తప్పు, చలికని రెండు జతల సాక్సులు వేయడం. దాంతో బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి సాక్స్ ఒక్కటే చాలు. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు, అది పిక్కల మీద ఒరుసుకుని పుండు చేస్తుంది. షాపులోనే పది నిమిషాలు వేసుకుని తిరగండి. మర్నాడు నొప్పిగా ఉంటే ఓర్చుకోకుండా వెళ్లి మార్చుకోండి.

షాపువాళ్లు బరువు, ఎత్తు, వయసు, ఎంత వచ్చో అడుగుతారు. పడినప్పుడు స్కీ బూటు నుంచి ఊడిపోయే బిగువు దీన్నిబట్టే పెడతారు. సిగ్గుపడి బరువు తగ్గించి చెబితే స్కీ అనవసరంగా ఊడుతుంది. గొప్పకి "బాగా వచ్చు" అంటే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు మెలిపడుతుంది. హెల్మెట్ కూడా అక్కడే అద్దెకి తీసుకోండి. రాత్రి సామాను దాచే షాపు గొండోలా పక్కనే దొరికితే రెండు యూరోలు ఎక్కువైనా అదే తీసుకోండి.

బట్టలు కొనకండి, అడిగి తెచ్చుకోండి. కొనక తప్పకపోతే డెకాథ్లాన్ చాలు. జీన్స్ వద్దు, లోపల కాటన్ బనియన్ కూడా వద్దు, చెమటకి తడిసి ఆరదు. గ్లవ్స్ విషయంలో మాత్రం పిసినారితనం చేయొద్దు, నీళ్లు ఆగేవి కావాలి.

తిండి. మెహానా అని పిలిచే పాతకాలపు భోజనశాలల్లో మాంసమే ఎక్కువ, శాకాహారులకి షోప్స్కా సలాడ్, చిక్కుడు గింజల సూపు, చీజ్ పెట్టి పొరలుగా కాల్చే బనిత్సా దొరుకుతాయి. పెరుగు అక్కడ గట్టిగా, పుల్లగా, మనకి నచ్చేలా ఉంటుంది. బియ్యం, పప్పు, ఆవకాయ సర్దుకుని రాత్రి ఇంట్లో వండుకుంటే రోజుకి ఒక పూట ఖర్చు పోయినట్టే. బ్రిటన్ నుంచి గానీ ఇండియా నుంచి గానీ వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తేవొద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి పాలు, మాంసం పదార్థాలు తేవడం నిషేధం.

ఇన్సూరెన్స్. వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల పాలసీలో స్కీయింగ్ ఉంటుందని అనుకోకండి, "వింటర్ స్పోర్ట్స్" అని విడిగా రాసి ఉండాలి. కొండ మీంచి దించే ఖర్చు, మీరు ఇంకొకరిని గుద్దితే వాళ్లకి కట్టే పరిహారం, ఈ రెండూ ఉన్నాయా చూడండి. ఈహెచ్ఐసీ (యూరప్ ఆరోగ్య బీమా) కార్డు ప్రభుత్వ ఆస్పత్రికే పనికొస్తుంది, కొండ మీది రెస్క్యూకి, ప్రైవేట్ క్లినిక్‌కి కాదు. తాగి స్కీ చేస్తే చాలా పాలసీలు చెల్లవు.

వాలు మీద ఒక్క నియమం గుంపంతా బట్టీ పట్టండి: కింద ఉన్నవాళ్లని తప్పించే బాధ్యత పైనుంచి వచ్చేవాళ్లది. ఫోటో కోసం ఎనిమిది మందీ దారి మధ్యలో, మలుపు వెనక నిలబడొద్దు. అంచుకి జరగండి.

తెరపై: ప్రెడెల్ కనుమ రోడ్డు, మంచులో నెమ్మదిగా పోతున్న బండ్లు.

తిరుగు ప్రయాణం రోజు విమానానికి ఐదు గంటల ముందు వ్యాన్ కదలాలి. మంచు పడితే ప్రెడెల్ కనుమ దగ్గర బండ్లు ఆగిపోతాయి, ఆదివారం సాయంత్రమైతే సోఫియా వైపు రోడ్డంతా జామ్. స్కీలు ముందు రోజు సాయంత్రమే తిరిగి ఇచ్చేయండి, అద్దె డిపాజిట్, ఇంటి డిపాజిట్ వెనక్కి తీసుకుని, స్ప్లిట్‌వైజ్ (ఖర్చులు పంచే యాప్) లెక్క వ్యాన్‌లో ఉండగానే తేల్చేయండి. ఎయిర్‌పోర్ట్ దాటాక ఎవరూ ఫోనెత్తరు.