క్లీనింగ్ అంటే భయమా? ముందు చిగుళ్ల సంగతి చూద్దాం

తమ్ముడు: అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం మా అక్క వచ్చింది. అక్క చిగుళ్ల డాక్టరు, అంటే పెరియోడాంటిస్ట్. అక్కా, నేరుగా విషయానికి వస్తా. ఆఫీసులో పళ్ల చెకప్ ఫ్రీ అని మెయిల్ వస్తే మా టీమ్‌లో చాలామంది వెళ్లరు. క్లీనింగ్ అంటే నొప్పి, రక్తం అంటారు. నిజంగా అంత ఉంటుందా?

అక్క: కొందరికి ఉంటుంది రా. ఉండదని చెప్పి కూర్చోబెడితే మళ్లీ మా మొహం చూడరు. అయితే ఒకటి గమనించు. అదే మిషన్, అదే డాక్టరు. ఒకాయన కళ్లు మూసుకుని హాయిగా పడుకుంటాడు. ఆయన తర్వాత వచ్చినావిడ కుర్చీ చేతులు వదలదు. తేడా చాలావరకు చిగుళ్లలోనే ఉంటుంది. గాయమైన వేలికి చొక్కా అంచు తగిలినా ప్రాణం పోతుంది కదా, వాచిన చిగురూ అంతే. మేం ఎంత మెల్లగా చేసినా తెలుస్తుంది.

తమ్ముడు: మరి ఆ మిషన్ శబ్దం? పన్ను అరగదీస్తున్నట్టే వినిపిస్తుంది.

అక్క: అందులో డ్రిల్లులా తిరిగేది ఏమీ ఉండదు. సన్నటి కొన కంపిస్తుంది, సెకనుకు సుమారు 25,000 నుంచి 40,000 సార్లు. ఆ కంపనానికి గార పెచ్చులుగా ఊడి వస్తుంది. కొన వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతుంటాయి. నోట్లో నీళ్లు నిండుతున్నాయని కంగారు పడతారు చూడు, అవి ఈ నీళ్లే.

తమ్ముడు: గార, పాచి రెండూ ఒకటేనా?

అక్క: పాచి మెత్తగా ఉంటుంది, బ్రష్‌తో పోతుంది. దాన్ని వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అలా గట్టిపడితే గార. ఇక దాన్ని ఏ బ్రష్షూ, ఏ పేస్టూ తీయలేదు. కింది ముందు పళ్ల లోపలి వైపు నాలుకతో తడిమి చూడు, గరుకుగా తగిలితే అదే. లాలాజల గ్రంథుల నాళాలు అక్కడ తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ ఎక్కువ పడుతుంది.

తమ్ముడు: అంటే క్లీనింగ్‌కి వెళ్లేముందు ఇంట్లో మనం చేయగలిగింది ఏమైనా ఉందా, లేక అంతా డాక్టరు చేతిలోనేనా?

అక్క: చాలా ఉంది. ఈ మాట చెప్పడానికే నేను వచ్చింది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Löe) అనే చిగుళ్ల పరిశోధకుడి బృందం ఒక ప్రయోగం చేసింది. చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలైపోయాయి. చిగురు అంత త్వరగా పాడవుతుంది, అంత త్వరగానే కోలుకుంటుంది. అందుకే అపాయింట్‌మెంట్ ముందు రెండు వారాలు శ్రద్ధ పెట్టినా కుర్చీలో ఆ తేడా తెలుస్తుంది. గార ఉన్నచోట వాపు పూర్తిగా పోదు గానీ, చాలావరకు దిగుతుంది.

తమ్ముడు: ఆ రెండు వారాలు ఏం చేయాలి?

అక్క: మెత్తటి బ్రష్ కొను. "సాఫ్ట్" అని రాసి ఉంటుంది. దాన్ని పన్నూ చిగురూ కలిసే గీత మీద కాస్త ఏటవాలుగా, 45 డిగ్రీలు అనుకో, ఆనించి అక్కడక్కడే చిన్నచిన్నగా కదిలించాలి. మనవాళ్లలో చాలామంది పన్ను మధ్యలో బరబరా రుద్దేసి చిగురు అంచు వదిలేస్తారు. పాచి పేరుకునేది ఆ అంచు దగ్గరే. పూటకు రెండు నిమిషాలు, రోజుకు రెండు పూటలు.

తమ్ముడు: రాత్రి పూటే కష్టం అక్కా. పీజీల్లో ఉండేవాళ్లు కాల్స్ అయ్యాక పదకొండుకి బిర్యానీ తెప్పించుకుని, తిని అలాగే పడుకుంటారు.

అక్క: పొద్దున హడావిడిలో కాస్త తక్కువైనా సరే, రాత్రిది మాత్రం వదలొద్దు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాచికి అడ్డు ఉండదు. ఇంకోటి, పళ్ల సందులు. బ్రష్ అక్కడికి చేరదు. సందు ఇరుకుగా ఉంటే ఫ్లాస్ దారం, కాస్త వెడల్పుగా ఉంటే ఇంటర్‌డెంటల్ బ్రష్. మొదట్లో రక్తం వస్తుంది. అందరూ అక్కడే ఆగిపోతారు. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తగా, రోజూ చేస్తూ వెళ్తే సాధారణంగా వారం రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే లోపల గార ఉందన్నమాట, మా దగ్గరికి రావాల్సిందే.

తమ్ముడు: సిగరెట్ తాగే ఫ్రెండ్ ఒకడు నాకు అసలు రక్తమే రాదు, నా చిగుళ్లు సూపర్ అంటాడు.

అక్క: అతనికి ఈ ఎపిసోడ్ తప్పకుండా పంపు. పొగతాగేవాళ్లకు చిగురు లోపల జబ్బు ముదురుతున్నా రక్తం తక్కువగా కనిపిస్తుంది. మాకు చాలా బాధ కలిగించే కేసులు ఇవే. హెచ్చరిక కనపడకుండానే పన్నును పట్టి ఉంచే ఎముక అరిగిపోయి ఉంటుంది.

తమ్ముడు: జిల్లుమనే పళ్లున్నవాళ్లు?

అక్క: పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ముందురోజు వాడితే లాభం లేదు. ఉప్పు, బొగ్గుపొడి లాంటి గరుకు పొడులు ఆపేయాలి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం మాత్రం మంచిదే, హాయిగా ఉంటుంది. ఇక కుర్చీలో కూర్చునే ముందే డాక్టరుకు చెప్పెయ్యండి: ఫలానా చోట జిల్లుమంటుంది, నాకు టెన్షన్‌గా ఉంది, చెయ్యి ఎత్తితే ఆపండి అని. మొద్దుబారే జెల్ ఉంటుంది, అవసరమైతే ఇంజెక్షన్ ఉంటుంది. ఒకేసారి కాకుండా రెండు సిట్టింగుల్లో చేయమని అడగొచ్చు. మొహమాటపడి నొప్పి భరిస్తూ పడుకోవద్దు.

తమ్ముడు: క్లీనింగ్ చేయిస్తే పళ్లు ఊగుతాయని మా అత్తగారు గట్టిగా నమ్ముతారు.

అక్క: ఆవిడ అనుభవం అబద్ధం కాదు రా. ఏళ్లుగా పట్టిన గార పళ్లను ఒకదానితో ఒకటి అతికించి పట్టుకుని ఉంటుంది. అది తీసేశాక, అప్పటికే కదిలిపోయిన పన్ను బయటపడుతుంది. సందులు కూడా అలాగే, గార నిండి ఉన్న చోటు ఖాళీ అవుతుంది. కొన్నాళ్లు చల్లటివి తగిలితే జిల్లుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

తమ్ముడు: రెండు వారాలు ఆగకుండా వెంటనే రావాల్సిన వాళ్లెవరు?

అక్క: చీము వస్తున్నా, పన్ను కదులుతున్నా, చిగురు ఉబ్బి నొప్పి పెడుతున్నా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్లను అసలు నిర్లక్ష్యం చేయకూడదు. షుగర్ పెరిగితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు వల్ల షుగర్ అదుపులో ఉండటం కష్టమవుతుంది. గుండెకు స్టెంట్ వేసి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న పెద్దవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా మాత్రలు ఆపేయకూడదు. గర్భిణులకు చిగుళ్లు వాచడం మామూలే, వాళ్లకు క్లీనింగ్ చేయొచ్చు. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకు కె.ఆర్. మార్కెట్ దగ్గర, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

తమ్ముడు: వెళ్లినప్పుడు డాక్టరును ఏం అడగాలి?

అక్క: చిగురు లోతు, అంటే పన్నుకూ చిగురుకూ మధ్య ఉండే సందు లోతు, కొలిచి చెప్పమని అడగండి. సన్నటి కొలబద్ద లాంటిది పెట్టి చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఏ పన్ను దగ్గర వచ్చిందో రాయించుకోండి. ఇంట్లో ఆ పన్ను చుట్టూ రోజూ ఇంకాస్త శ్రద్ధ పెట్టి, తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ చోటే మళ్లీ కొలవమనండి.