గడియారం సెల్స్‌తో నడిచే కంప్యూటర్: 1983 మోడల్ 100 రివ్యూ

నమస్తే అందరికీ. హనుమకొండ నుంచి మళ్లీ ఒక పాత మిషన్ రివ్యూ. ఈసారి టేబుల్ మీదున్నది టీఆర్‌ఎస్-80 మోడల్ 100. 1983లో టాండీ కంపెనీ అమెరికాలోని తన రేడియో షాక్ దుకాణాల్లో అమ్మింది. తయారు చేసింది మాత్రం జపాన్‌కు చెందిన క్యోసెరా. డాలస్‌లో ఉండే మా బావ వాడిన పీసు ఒకటి కొని, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

ముందు సైజు చూద్దాం. ఇదిగో, పైన ఏ4 కాగితం పెడుతున్నా. దాదాపు అంచులతో సహా కప్పేసింది. మందం 5 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర అటూ ఇటూ. ఇందులో గొప్పేముందని అడుగుతారేమో. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1ని కూడా పోర్టబుల్ అనే అమ్మారు. అది 11 కిలోలు, పైగా మామూలుగా కరెంటు ప్లగ్గు ఉండాల్సిందే. దాన్ని మోసుకుని ఖాజీపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారి చూడండి, తెలుస్తుంది.

దీనికి గోడ గడియారంలో వేస్తామే, ఆ డబుల్-ఏ సెల్స్ నాలుగు చాలు. 20 గంటల దాకా నడుస్తుందని కంపెనీ మాట. డిస్కు లేదు, ఫ్యాను లేదు, స్క్రీన్ వెనక లైటు లేదు. ప్రాసెసర్ తక్కువ కరెంటు తాగే 80సీ85, వేగం 2.4 మెగాహెర్ట్జ్. గిగా కాదు, మెగానే. కరెంటు తినేవాటిని ముందే బయట పెట్టేశారు కాబట్టి ఆ సెల్స్‌తో బండి నడుస్తోంది.

ఇప్పుడు ఆన్ చేస్తున్నా, చూడండి. అయిపోయింది. ఎడిటింగ్‌లో కట్ చేయలేదండీ, నిజంగానే అంతే టైము. ప్రోగ్రాములన్నీ 32 కేబీ ఆర్‌ఓఎంలో, అంటే చెరిగిపోని మెమరీలో ఉన్నాయి కాబట్టి లోడ్ చేసేదేమీ లేదు. మీ ఫైళ్లు ఉండేది ఆర్‌ఏఎంలో, అంటే రాసి చెరుపుకునే మెమరీలో. ఆఫ్ చేసినా అవి పోవు, ఆ మెమరీకి కరెంటు అందుతూనే ఉంటుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి, పొద్దున వచ్చి అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

మెనూలో ఐదే పేర్లు: బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష), టెక్స్ట్ (రాసుకోవడానికి), టెల్‌కామ్ (ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడటానికి), అడ్రస్ పుస్తకం, షెడ్యూలు. ఫైలు పేరుకు ఆరు అక్షరాలే చోటు, అందుకే ఇంగ్లీషు 'అడ్రస్'లోంచి ఒక అక్షరం ఎగరగొట్టారు! పై వరసలో తేదీ పక్కన మైక్రోసాఫ్ట్ పేరు కనిపిస్తోందా? ఇందులోని కోడ్‌లో పెద్ద భాగం తానే రాశానని, అలా రాసిన చివరి మిషన్ ఇదేనని బిల్ గేట్స్ తర్వాత చెప్పారు. అయితే తేదీలో సంవత్సరం అంకెలకు ముందు '19' అని అచ్చు పోసేశారు. అంకెలు మనం సరిగ్గానే ఇచ్చినా, మిషన్ మాత్రం నూరేళ్లు వెనకే ఉంటుంది.

కీబోర్డు సంగతి నేను చెప్పడం కన్నా మా చిన్నాయన చేత చెప్పిస్తే బాగుంటుందనిపించింది. ఆయన అప్పట్లో టైపు హయ్యర్ పాసైన మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని, వేళ్లు వరసలో పెట్టి, స్క్రీన్ వైపు చూడకుండా ఒక పేరా కొట్టేశారు. ఒక్క తప్పు లేదు. "కీలు మంచిగున్నయి రా, వేలికి అందుతున్నయి. కానీ లైను అయిపోతే గంట కొట్టదేంది?" అన్నారు. గంట అక్కర్లేదు చిన్నాయనా, కింది లైనుకు అదే పోతుంది అని చూపిస్తే నవ్వారు. నిజంగానే ఇవి పూర్తి సైజు కీలు, లోతుగా దిగుతాయి. నా ఆఫీసు లాప్‌టాప్ కీబోర్డు దీని ముందు దండగ.

స్క్రీన్ దగ్గర మాత్రం రాజీ పడాలి. 8 వరసలు, వరసకు 40 అక్షరాలు. పైకి లేవదు, కీబోర్డుతో పాటు అలాగే పడుకుని ఉంటుంది. పక్కనున్న ఈ చక్రం తిప్పితే అక్షరం ముదురుతుంది, కానీ ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే వెలుగంతా మొహాన కొడుతుంది. ఎండలో అయితే భేషుగ్గా కనిపిస్తుంది. తెలుగు రాయొచ్చా అని ఎలాగూ అడుగుతారు. రాయలేం. అక్షరానికి ఇచ్చిన చోటు అడ్డం 6 చుక్కలు, నిలువు 8 చుక్కలు. 'స్త్రీ' అని రాయాలంటే గుడి దీర్ఘం ఎక్కడ పెట్టాలి, రెండు ఒత్తులు ఎక్కడ వేలాడదీయాలి?

విలేకరులు దీన్ని నెత్తిన పెట్టుకున్నది మోడెమ్ వల్ల, అంటే ఫోన్ లైను మీద డేటా పంపే పరికరం వల్ల. అది లోపలే ఉంది, వేగం 300 బాడ్. అంటే సెకనుకు దాదాపు 30 అక్షరాలు. 3 వేల అక్షరాల వార్త రెండు నిమిషాల్లోపే ఫోన్ లైను మీద ఆఫీసుకు చేరిపోయేది. ఆ రోజుల్లో మన జిల్లాల విలేకరులు వార్తల కవరు హైదరాబాద్ బస్సెక్కించేవారు. ఆ మోడెమ్ ఇప్పుడు నాకు పనికిరాదు, కానీ వెనకున్న ఆర్‌ఎస్-232 పోర్టు, అంటే వేరే మిషన్‌కు కేబుల్ తగిలించే పాత రకం సాకెట్, పనికొచ్చింది. సరైన సీరియల్ కేబుల్ ఒకటి, యూఎస్‌బీ కన్వర్టర్ ఒకటి పెట్టి, టెల్‌కామ్‌లో 9600 వేగం సెట్ చేస్తే ఫైలు నేరుగా లాప్‌టాప్‌లోకి దిగింది. ఈ వీడియో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ దీని మీదే కొట్టాను.

మెమరీ ఎంత పెంచినా 32 కేబీ దాటదు. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పడే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా ఇందులో పట్టదు. అప్పట్లో 8 కేబీ మోడల్ ధర 1,099 డాలర్లు, 24 కేబీది 1,399. నిండిపోతే టేప్ రికార్డర్ తగిలించి క్యాసెట్‌లో దాచుకోవాలి. దాని జోలికి నేను పోలేదు.

కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. లోపల మెమరీని కాపాడే చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇన్నేళ్లకు అది కారి బోర్డును తినేసి ఉండొచ్చు, కాబట్టి ఆన్ చేసే ముందే విప్పించి చూడండి. కింద మెమరీ పవర్ స్విచ్ ఒకటుంది, దాన్ని ఆఫ్ చేస్తే రాసుకున్నదంతా గల్లంతు. అడాప్టర్ 6 వోల్టులది, పిన్ను మధ్యలో నెగటివ్. ఇంట్లో ఉన్న ఏదో ఒకటి గుచ్చేయకండి. నన్నడిగితే 1986లో వచ్చిన మోడల్ 102 ఇంకా పల్చన, ఇంకా తేలిక, దొరికితే దాన్నే తీసుకోండి. బావకు ఆ మాట ఇప్పటికే చెవిలో వేశాను.