సైడ్ హెడ్డింగ్ ఏ షాపు బోర్డు?

నమస్కారం. ఈ వీడియో రెండు ఎంటర్ల గురించి. సైడ్ హెడ్డింగ్‌కి పైన ఒకటి, కింద ఒకటి కొడతారు చూడండి, ఆ రెండింటి గురించి.

నేను చిక్కడపల్లిలో పుస్తకాలకు పేజీలు పెడతాను. పోయిన నెల ఒక పుస్తకం రెండో ముద్రణకు వచ్చింది. హైదరాబాద్ చరిత్ర, 240 పేజీలు. అక్షరం సైజు ఒక పాయింట్ పెంచాలి, అంతే పని. కానీ ఆ ఫైల్‌లో ప్రతి సైడ్ హెడ్డింగ్‌నీ విడిగా సెలెక్ట్ చేసి, బోల్డ్ చేసి, పైనా కిందా ఎంటర్లు కొట్టి పెట్టారు. సైజు పెంచగానే మ్యాటర్ జరిగింది, హెడ్డింగులన్నీ చెదిరిపోయాయి. సరిచేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇది ఒక్క ఫైల్ సంగతి కాదు. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో చాలావరకు ఇలాగే ఉంటాయి. ‘హెడ్డింగ్ అంటే బోల్డ్ చేసి రెండు ఎంటర్లు కొట్టడమే కదా’ అని నేర్పించేస్తున్నారు. అది తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.

కోఠిలో ఏదైనా రెండంతస్తుల పాత కాంప్లెక్స్ ముందు నిలబడ్డారనుకోండి. కింద ఒక షాపు, పైన ఒక షాపు. రెండు షట్టర్లకీ సరిగ్గా మధ్యన ‘కళ్లజోళ్లు’ అని ఒక బోర్డు. మీరు కింద షాపులోకి వెళ్తారా, మెట్లెక్కుతారా? తెలియదు. అదే బోర్డు కింద షట్టర్‌కి ఆనుకుని ఉంటే, ఎవర్నీ అడగక్కర్లేదు.

సైడ్ హెడ్డింగ్ ఆ బోర్డే. దాని కింద ఉన్న మ్యాటర్ షాపు. పైనా కిందా సమానంగా ఎంటర్ కొట్టారంటే బోర్డుని రెండు షాపుల మధ్యన వేలాడదీసినట్టే.

[స్క్రీన్ మీద: నమూనా పేజీ]

ఈ పేజీ చూడండి. పై పేరాలో 1908 మూసీ వరద. కింది పేరాలో, ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్రణాళిక, 1920లో పూర్తయిన జలాశయం. మధ్యలో ‘ఉస్మాన్ సాగర్ నిర్మాణం’ అని హెడ్డింగ్. ఇప్పుడు పైన ఖాళీ పెంచి, కింద తగ్గిస్తున్నాను. చూశారా? ఒక్క అక్షరం మార్చలేదు. అయినా హెడ్డింగ్ వెళ్లి తన పేరాని పట్టుకుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

మరి ఎంత ఖాళీ? నా లెక్క ఇది. మ్యాటర్ 12 పాయింట్లు, లీడింగ్, అంటే ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగు దాకా దూరం, 18. తెలుగుకి ఆ మాత్రం కావాలి, కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. హెడ్డింగ్ 14 పాయింట్లు, దానికీ లీడింగ్ 18. పైన ఖాళీ 12, కింద 6. రెండూ కలిపితే 18, అంటే సరిగ్గా ఒక లైను. హెడ్డింగ్‌తో కలిపి రెండు లైన్లు. హెడ్డింగ్ పెద్దదై రెండు లైన్లయితే మొత్తం మూడు లైన్లు. కాలమ్ మధ్యలో వచ్చే హెడ్డింగ్‌కి ఎప్పుడూ పూర్తి లైన్లే కాబట్టి, రెండు కాలమ్‌ల పేజీలో పక్కపక్క లైన్లు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా నిలబడతాయి. పైన 10, కింద 5 అని ఇష్టమొచ్చినట్టు ఇస్తే ఆ వరస తప్పుతుంది.

ఈ ఖాళీని ఎంటర్‌తో ఇవ్వకూడదు. ఎంటర్ అంటే బోర్డు కింద పేర్చిన ఇటుక. షాపు కదిలినా ఇటుక పోదు, అక్కర్లేని చోట కూడా ఉంటుంది. హెడ్డింగ్ కొత్త పేజీలో మొదటి లైనుకి వచ్చిందనుకోండి, ఎంటర్ కూడా దాంతో పాటు వచ్చి, పేజీ పైన ఒక ఖాళీ లైను వదులుతుంది. నేను పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్. దాంట్లో పారాగ్రాఫ్ స్టైల్ అని ఉంటుంది, అంటే సైజు, ఖాళీ లాంటివన్నీ ఒక పేరు కింద దాచుకునే ఏర్పాటు. అందులో స్పేస్ బిఫోర్, అంటే పై ఖాళీ ఇస్తే, ఫ్రేమ్ (మ్యాటర్ ఉండే పెట్టె) పై అంచుకి వచ్చిన హెడ్డింగ్‌కి ఇన్‌డిజైన్ ఆ ఖాళీని తనే తీసేస్తుంది. ఎఫ్11 నొక్కి కొత్త స్టైల్ చేయండి, ఇండెంట్స్ అండ్ స్పేసింగ్‌లో ఈ 12, ఈ 6 ఇవ్వండి. పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వాడేవాళ్లు ‘మా దాంట్లో లేదు’ అంటుంటారు. ఉంది. కంట్రోల్ ఎం కొడితే బిఫోర్, ఆఫ్టర్ అని గళ్లు కనిపిస్తాయి. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్, అందులోనూ ఉన్నాయి.

ఇంకో ఘోరం. బోర్డు ఈ వీధిలో, షాపు పక్క వీధిలో. అంటే పేజీ చివరి లైనులో హెడ్డింగ్ ఒంటరిగా మిగిలిపోయి, మ్యాటర్ తర్వాతి పేజీలో మొదలవడం. దీనికి కూడా ఎంటర్లు కొట్టి కిందికి తోస్తారు. వద్దు. స్టైల్‌లోనే కీప్ ఆప్షన్స్‌కి వెళ్లి, కీప్ విత్ నెక్స్ట్ దగ్గర 2 ఇవ్వండి. తర్వాతి పేరాలో రెండు లైన్లయినా వెంట లేకుండా ఆ హెడ్డింగ్ ఎక్కడా నిలవదు. పేజ్‌మేకర్‌లో కూడా ఇది ఉంది.

ఇప్పుడు అక్షరం. యూనికోడ్ తెలుగు పెట్టగానే ఒత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడకండి, ఫాంట్ పాడవలేదు. స్టైల్‌లో జస్టిఫికేషన్‌కి వెళ్లి, కంపోజర్‌ని, అంటే అక్షరాల్ని లైన్లుగా పేర్చే పద్ధతిని, వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్‌కి మార్చండి.

మండలి ఫాంట్‌లో బోల్డ్ కొడితే రాదు, ఎందుకంటే ఆ ఫాంట్‌కి ఒక్క బరువే, అంటే ఒక్క లావే ఉంది. అప్పుడు చాలామంది అక్షరం చుట్టూ స్ట్రోక్ ఇచ్చి లావు చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అక్షరం లోపలి ఖాళీలు పూడిపోతాయి. ‘థ’లో చుక్క కలిసిపోతే అది ‘ధ’లా కనిపిస్తుంది. ‘కథ’ అని రాసింది ‘కధ’ అయిపోతుంది, అప్పుడు చదివేవాళ్లు రచయితకే తెలుగు రాదనుకుంటారు. హెడ్డింగ్‌కి రామభద్ర లాంటి, పుట్టుకతోనే లావుగా ఉన్న ఫాంట్ తీసుకోండి. లేదా నోటో సాన్స్ తెలుగు తీసుకోండి, దాంట్లో చాలా బరువులున్నాయి.

అండర్‌లైన్ కూడా వద్దు. ‘నిర్మాణం’ కింద గీత గీస్తే అది మ ఒత్తు మీదుగా పోతుంది. టైప్‌రైటర్‌లో లావు అక్షరాలు లేవు కాబట్టి గీత గీసేవాళ్లు. మనకున్నాయి. ఇటాలిక్ కూడా అంతే, తెలుగు అక్షరాన్ని పక్కకి వంచితే అందం పోతుంది. ఇది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. హెడ్డింగ్ స్టైల్‌లో నెక్స్ట్ స్టైల్ దగ్గర మ్యాటర్ స్టైల్ పెట్టండి, టైప్ చేస్తూ ఎంటర్ కొట్టగానే అదే మారుతుంది. లైను చివర మాటని విరగ్గొట్టే హైఫనేషన్ ఆపేయండి, లెఫ్ట్ అలైన్ ఉంచండి. స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తే అక్కడ ఎవరో చేత్తో ఏదో మార్చారని అర్థం, ఆల్ట్ పట్టుకుని స్టైల్ పేరు మీద క్లిక్ చేస్తే పోతుంది. హెడ్డింగులన్నీ ఒకే స్టైల్‌లో ఉంటే, లేఅవుట్ మెనూలో టేబుల్ ఆఫ్ కంటెంట్స్‌తో విషయసూచిక పేజీ నంబర్లతో సహా వచ్చేస్తుంది. వంద షాపులున్న కంపెనీ ఒక్క ఆఫీసులో కూర్చుని అన్ని బోర్డులూ మార్చినట్టు, స్టైల్‌లో ఒక్క అంకె మారిస్తే 240 పేజీల్లోనూ మారుతుంది.

నిజంగా పక్కన, మార్జిన్‌లో ఉండే హెడ్డింగ్ కావాలంటే ఫ్రేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దానికి ప్రత్యేకంగా ఏర్పాటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే హెడ్డింగ్‌ని చిన్న ఫ్రేమ్‌లో పెట్టి, యాంకర్డ్ ఆబ్జెక్ట్ చేసి, అంటే మ్యాటర్‌తో పాటు కదిలేలా కట్టేసి, రిలేటివ్ టు స్పైన్ టిక్ పెట్టండి. ఎడమ పేజీలో ఎడమ అంచుకి, కుడి పేజీలో కుడి అంచుకి అదే వెళ్తుంది.

పాత ఫైల్‌లో ఇటుకలు తీయాలా? ఫైండ్ చేంజ్‌లో మల్టిపుల్ రిటర్న్ టు సింగిల్ రిటర్న్ అని రెడీగా ఒక క్వెరీ ఉంది, వరసగా ఉన్న ఎంటర్లని వెతికి ఒక్కటిగా మారుస్తుంది. ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. పుస్తకంలో పద్యాలుంటే చేంజ్ ఆల్ కొట్టకండి, పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీలు కూడా పోతాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చండి.