78 ముక్కల మీద ఒక సంతకం

అధ్యక్షులవారికి, ప్రతి నెలా ఈ గ్రంథాలయం హాలును మన సభలకు తెరిచి ఉంచుతున్న కార్యకర్తలకు, ఆదివారం సాయంత్రం బీచి గాలి వదులుకుని ఇక్కడికి వచ్చిన పెద్దలకు, నా పాత విద్యార్థులకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో టారో, అంటే జోస్యానికి వాడే బొమ్మల పేక, అన్న మాట చూసి, నేను జాతకాలు చెబుతానేమోనని ఇద్దరు ముగ్గురు నన్ను గుమ్మంలోనే అడిగారు. నేను డ్రాయింగు మాస్టారుగా ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది గీత ఒక్కటే. చిన్నతనంలో మా నాన్నగారు రామకృష్ణా బీచికి తీసుకువెళ్లినప్పుడు, చిలక జోస్యం చెప్పే ఆయన ముందు నేను కదలకుండా కూర్చునేవాణ్ణి. ఆయన చదివే మాటలు నా చెవికి ఎక్కేవి కావు. చిలక ముక్కుతో లాగిన కవరులోంచి ఏ బొమ్మ బయటికి వస్తుందో, లక్ష్మీదేవా, సర్పమా, పడవా అని చూసేవాణ్ణి. బొమ్మ ముందు, అర్థం తరువాత అన్నది అక్కడ పట్టుబడిన చూపు. కిందటేడు మా మనవరాలు ఈ టారో కట్ట తెచ్చి, "తాతయ్యా, ఈ గీత చూడు" అని నా చేతిలో పెట్టినప్పుడు, శకునాల ముక్కలు ఇంట్లోకి ఎందుకని మా ఇంటావిడ అంటూనే ఉన్నా, ఆ రాత్రి పన్నెండింటి దాకా నేను దీపం ఆర్పలేదు.

చరిత్ర రెండు మాటల్లో చెబుతాను. ఇవి 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట కోసం పుట్టిన ముక్కలు. భవిష్యత్తు చెప్పడానికి వాడడం 18వ శతాబ్దంలో బాగా వ్యాపించింది. మొత్తం 78, అందులో 22 పెద్ద ముక్కలు, మిగిలిన 56 చిన్న ముక్కలు, మన పేకలాగే నాలుగు రంగులు: కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు. ఈనాడు లోకమంతా ఎరిగిన కట్ట 1909లో లండన్‌లో అచ్చయింది. రైడర్ అన్నది ప్రచురణకర్త పేరు, వేట్ అన్నది దాన్ని చేయించిన పండితుడి పేరు. చాలా కాలం లోకం దాన్ని రైడర్-వేట్ కట్ట అనే పిలిచింది. బొమ్మలన్నీ వేసినది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ.

ఆవిడ 1878లో లండన్‌లో పుట్టి, కొంత బాల్యం జమైకాలో గడిపి, బ్రూక్లిన్‌లో చిత్రలేఖనం చదువుకుని, మళ్లీ లండన్ చేరి నాటక కంపెనీలతో పనిచేశారు. ఆ నాటకాల చూపు ముక్కల్లో కనిపిస్తుంది. సురభి వారి నాటకాలు చూసినవారికి తెలుస్తుంది, ముందు వేదిక, వెనక కొండలు, కోట వేసిన తెర, మధ్యలో ఒక్క మనిషి నిలబడిన తీరులోనే కథ. చాలా ముక్కల్లో నేల మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది, ఆ గీతకు ఇవతల పాత్ర, అవతల తెర. అంతకు ముందు కట్టల్లో చిన్న ముక్కలంటే మన ఆటీను పదిలాగా పది గుర్తులు పేర్చినవే ఎక్కువ, ఆవిడ వాటికీ బొమ్మలు వేశారు. అన్నిటికీ బొమ్మలున్న ఇటలీ కట్ట ఒకటి 15వ శతాబ్దం చివరిది ఉంది, దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి, ఆవిడ వాటిని చూసి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. ఏమైనా, కత్తుల మూడులో వాన కురుస్తుండగా ఒక ఎర్రటి గుండెను మూడు కత్తులు చీల్చుకుపోయిన బొమ్మను చూశాక, దుఃఖం అన్న మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

సంకేతాలు ఒక ముక్కలో నుంచి మరో ముక్కలోకి నడుస్తూ పోతాయి, నన్ను పట్టి ఉంచింది అదే. వెర్రివాడి ముక్కలో కుర్రవాడు కొండ అంచున తల పైకెత్తి నిలబడి, చేతిలో తెల్ల గులాబీ పట్టుకుంటాడు. మృత్యువు ముక్కలో నల్ల జెండా మీద మళ్లీ తెల్ల గులాబీయే. ఆ ముక్కలోనే దూరాన రెండు బురుజుల మధ్య సూర్యుడు కనిపిస్తాడు, చంద్రుడి ముక్క తీస్తే ఆ రెండు బురుజులు అక్కడా ఉన్నాయి. అందుకే కట్టంతా పరిచి చూడాలి, ఒక్క ముక్క తీసి పక్కన పెడితే సగమే అర్థమవుతుంది.

ఇంత పని చేసిన మనిషి 1909 నవంబరులో న్యూయార్కులోని ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాస్తూ, చాలా కొద్ది డబ్బుకు చాలా పెద్ద పని ముగించానని చెప్పుకున్నారు. ఆవిడ 1951లో పోయారు, వదిలివెళ్లినవి అప్పులే.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పక తప్పదు. 1988లో ఈ ఊళ్లోనే ఒక దుకాణం వారి క్యాలెండరుకు పన్నెండు బొమ్మలు వేశాను, సింహాచలం మెట్ల దారి, జాలరిపేట పడవలు, డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం. అచ్చయి వచ్చాక చూస్తే, కింది అంచు కత్తిరించిన చోట నా సంతకం తెగిపోయి, మొదటి అక్షరం తలకట్టు మాత్రం మిగిలింది. వెళ్లి అడిగితే, "బొమ్మ చూసేవాడికి పేరెందుకు మాస్టారూ" అన్నారు. ఆ క్యాలెండరు మా వీధి మంగలి షాపులో ఏడాదంతా వేలాడింది. నెలకోసారి దాని ఎదుట కూర్చుని, ఆ తలకట్టు చూస్తూ, ఈ బొమ్మలు నావని చెప్పుకోలేకపోయాను. డబ్బు మాట నేనెత్తలేదు, ఇప్పుడూ ఎత్తడం లేదు. మీలో బొమ్మలు వేసేవారు, కుట్టుపని చేసేవారు ఎందరున్నారో చేతులెత్తండి. మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇది నా ఒక్కడి సంగతైతే ఈ సభలో ఎత్తేవాణ్ణి కాను. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పేరు ఐరోపా ధనవంతుల ఇళ్లలో వినిపించింది దంతపు పని వల్ల. గంధపు చెక్క పెట్టెకు ఏనుగు దంతపు రేకులు అతికి, వాటి మీద సన్నని ఉలితో పూలతీగలూ భవనాలూ చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి నునుపు చేస్తే, తెల్ల కాగితం మీద సిరాతో వేసిన బొమ్మలా ఉండేది. అలాంటి పనితనం లండన్‌లోని ఒక మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. చీటీ మీద విజగపటం అని ఊరి పేరు ఉంటుంది. చెక్కిన చేతి పేరు చాలావాటికి లేదు. పమేలా గారి పేరైనా ఇప్పుడు రైడర్-వేట్-స్మిత్ అంటూ కట్టకు చేరింది. మన ఊరి పనివాళ్ల పేర్లు ఎవరు చేరుస్తారు?

నాణేల ఎనిమిది అన్న ముక్క చూసినప్పుడల్లా నాకు వాళ్లే కనబడతారు. బల్ల మీద ఒక పనివాడు కూర్చుని, ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో సుత్తి పట్టుకుని, నాణెం మీద అయిదు కోణాల నక్షత్రం చెక్కుతుంటాడు. పూర్తయినవి ఎదుటి స్తంభానికి వరుసగా వేలాడుతుంటాయి. ఊరు దూరంగా వెనక ఉంటుంది, అతను తల ఎత్తడు.

ఇప్పుడు ఈ కట్టను ముందు వరుస నుంచి పంపుతున్నాను. ప్రతివారూ ఒక ముక్క తీసి, కింది మూలల్లో చూడండి. మూడు అక్షరాలు పాములా మెలికపడిన చిన్న గుర్తు కనిపిస్తుంది, అది ఆవిడ సంతకం, దాదాపు ప్రతి ముక్క మీదా పెట్టారు. మీ ఇళ్లలో తాతల నాటి దంతపు పెట్టె గాని, నగిషీ బల్ల గాని ఉంటే, వచ్చే నెల సభకు ముందు దాన్ని తిరగేసి, అడుగు చెక్క మీద, మూత లోపల, సొరుగు వెనక వెతకండి. ఒక అక్షరం కనిపించినా రాసి తెచ్చి నాకివ్వండి, పుస్తకం తెరిచి పెట్టాను. వెనక వరుసలో వెలుతురు తక్కువగా ఉంది, అక్కడి వారు ఈ కిటికీ దగ్గరికి రండి, ముక్కలు ఇటే వస్తున్నాయి.