ఎమీన్లు, నైట్రస్ ఆమ్లం, మద్దిలపాలెం షేర్ ఆటో

"టెర్షియరీ ఎమీన్ నైట్రస్ ఆమ్లంతో చర్య జరపదు." పేపర్లు దిద్దుతుంటే ఈ వాక్యం ఎదురైన ప్రతిసారీ నాకు బీపీ లేస్తుంది. గైడ్లలో ఆ మూడు గడుల పట్టిక ఎవరు మొదలెట్టారో గానీ, ప్రైమరీ అయితే ఆల్కహాల్, సెకండరీ అయితే పసుపు నూనె, టెర్షియరీ అయితే ఏమీ లేదు అని పిల్లలు బట్టీ కొట్టేస్తున్నారు. మూడింటిలోనూ మొదట జరిగేది ఒక్కటే. ఈరోజు అదే చెప్తాను.

ఎమీన్ అంటే అమ్మోనియాలోని హైడ్రోజన్ల స్థానంలో కార్బన్ గుంపులు చేరినది. ఒకటి చేరితే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడూ మారితే టెర్షియరీ. నైట్రస్ ఆమ్లం సీసాలో దొరకదు, నిలవ ఉండదు. సోడియం నైట్రైట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి అప్పటికప్పుడు చేసుకోవాలి. అందులోంచి ఎన్ ఓ ప్లస్ (NO⁺) అనే అయాన్ వస్తుంది. కథంతా దానిదే.

ఇప్పుడు విశాఖలోని మద్దిలపాలెం జంక్షన్‌కి రండి. "హనుమంతవాక, ఎండాడ, మధురవాడ" అని అరుస్తున్న షేర్ ఆటో ఉందా, అదే మన నైట్రోజన్. ఆర్ గ్రూపులు, అంటే ఆ కార్బన్ గుంపులు, డ్రైవరు ఇంటివాళ్లు, దారిలో దిగరు. హైడ్రోజన్లు చెయ్యి ఊపిన చోటల్లా దిగిపోయే ప్యాసింజర్లు. ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఖాళీ సీటు. ఆమ్లంలో ఆ సీట్లో ఎక్కువసేపు హెచ్ ప్లస్సే కూర్చుని ఉంటుంది, కానీ మధ్యమధ్యలో లేస్తూ ఉంటుంది. లేచిన క్షణంలో ఎన్ ఓ ప్లస్ ఎక్కేస్తుంది. మూడు రకాల ఎమీన్లలోనూ ఎక్కుతుంది. తేడా అంతా దిగేవాళ్లు ఎంతమంది ఉన్నారన్న దాంట్లోనే.

ప్రైమరీలో ఇద్దరున్నారు. ఒక హైడ్రోజన్ ఇసుకతోటలో దిగిపోయింది. రెండోది కాస్త జరిగి ఎన్ ఓ లోని ఆక్సిజన్ పక్కన కూర్చుంది. బయటి ఆమ్లంలోంచి ఇంకో హెచ్ ప్లస్ తోడయ్యింది. వెంకోజీపాలెం వచ్చేసరికి ఆ ఇద్దరూ ఆక్సిజన్‌ని వెంటబెట్టుకుని నీళ్లయి దిగిపోయారు. ఆటోలో మిగిలింది రెండు నైట్రోజన్లు, వాటి మధ్య మూడు బంధాలు, పైన ఒక ప్లస్. ఇదే డయజోనియం.

అలిఫాటిక్ (నైట్రోజన్‌కి బెంజీన్ వలయం తగలని ఎమీన్) అయితే ఈ ఆటో ఆగదు. నైట్రోజన్ వాయువు బుడగలుగా తుర్రుమంటుంది, ఇంటివాడు నడిరోడ్డు మీద నిలబడతాడు. అతనే కార్బోకాటయాన్. నీళ్లు దొరికితే ఆల్కహాల్, క్లోరైడ్ దొరికితే క్లోరైడ్, ఎవరూ దొరక్కపోతే ఒక హైడ్రోజన్ వదిలేసి ఆల్కీన్. పైగా స్థిరమైన చోటుకి జరిగిపోతాడు. అందుకే 1-ప్రొపైల్ ఎమీన్ నుంచి 1-ప్రొపనాల్ కంటే 2-ప్రొపనాలే ఎక్కువ వస్తుంది. "ప్రైమరీ ఎమీన్ నుంచి ఆల్కహాల్" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు దీన్ని మింగేస్తారు.

ఎనిలీన్ అంటే బెంజీన్ వలయానికి తగిలిన ప్రైమరీ ఎమీన్. అందులో అదే ఆటోని బెంజీన్ వలయం తన ఎలక్ట్రాన్లతో పట్టుకుని ఆపుతుంది. కాకపోతే 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటేనే. దీని విలువ నాకు డిగ్రీ ప్రాక్టికల్స్‌లో తెలిసొచ్చింది. మా ల్యాబుకి ఐసు ఫిషింగ్ హార్బర్ నుంచి గోనెసంచిలో వచ్చేది. అటెండరు సుత్తితో కొడుతుంటే గదంతా చేపల వాసన. మొదటి బ్యాచ్ వాళ్లు క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్ కలపగానే నారింజ ఎరుపు రంగు అదిరిపోయింది. మా వంతు వచ్చేసరికి "ఐసు అయిపోనాది బాబూ" అన్నాడు. విశాఖ ఉక్కపోత మీకు తెలుసుగా, ఆ వేడికి డయజోనియం విరిగిపోయింది. బీకరులో బుసబుసా బుడగలు, గోధుమరంగు జిగురు, ఆసుపత్రి ఫినాల్ వాసన. నేను రికార్డులో "బుడగలు వచ్చాయి, కనుక అలిఫాటిక్" అని రాసేశాను. సున్నా.

సెకండరీకి వద్దాం, టైం అయిపోతోంది. దిగడానికి ఒక్క హైడ్రోజనే ఉంది. అది దిగిపోయింది. ఆక్సిజన్‌ని తీసుకెళ్లడానికి రెండోది లేదు, కాబట్టి ఎన్ ఓ సీట్లోనే స్థిరపడింది. పసుపు నూనెలా తేలే నైట్రోసమీన్ ఇదే. వాయువు రాదు.

విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలోని మందుల కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్లకి ఈ పేరు వింటేనే టెన్షన్. 2018లో వాల్సార్టన్ అనే బీపీ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ బయటపడి చాలా దేశాల్లో సరుకు వెనక్కి తెప్పించారు. క్యాన్సర్ కారకం కావచ్చన్న భయం. తయారీలో వాడిన డీఎంఎఫ్ ద్రావణి నుంచి వచ్చిన డైమిథైల్ ఎమీన్ అనే సెకండరీ ఎమీన్‌కి, తయారీలో వాడగా మిగిలిన ఎజైడ్ అనే రసాయనాన్ని చంపడానికి వేసిన సోడియం నైట్రైట్ ఆమ్లంలో తగిలింది. అంతే, మన సెకండరీ ఆటో. ఎన్‌డీఎంఏకి రోజుకి అనుమతించే హద్దు 96 నానోగ్రాములు.

ఇక టెర్షియరీ. ఆటో నిండా ఇంటివాళ్లే, దిగేవాళ్లు లేరు. ఎన్ ఓ ప్లస్ ఎక్కుతుంది, ఇమడక మళ్లీ దిగిపోతుంది. చల్లటి ఆమ్లంలో చివరికి మిగిలేది కరిగిపోయిన అమోనియం లవణం. అలిఫాటిక్‌లో ఇది చూసే "చర్య లేదు" అని రాసేస్తారు. కానీ డైమిథైల్ ఎనిలీన్ తీసుకోండి, అంటే ఎనిలీన్ నైట్రోజన్ మీది రెండు హైడ్రోజన్ల చోట మిథైల్ గ్రూపులు ఉన్నది. నైట్రోజన్ దగ్గర చోటు కుదరకపోతే ఎన్ ఓ ప్లస్ వెనక నుంచి వచ్చి వలయం మీద పారా స్థానంలో, అంటే నైట్రోజన్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్న చోట, కూర్చుంటుంది. అక్కడ హైడ్రోజన్ ఉంది, అది దిగిపోతుంది. క్షారం కలిపితే ఆకుపచ్చ పారా నైట్రోసో సమ్మేళనం. బీకరులో అంత ఆకుపచ్చగా కనబడుతున్నదాన్ని పట్టుకుని చర్య లేదని ఎలా రాస్తారండీ?